వాణిజ్య భవన్ సేవలు: గుంటూరు, కాకినాడ, నిజామాబాద్ వైపు నుంచి ఒక సమీక్ష

హోటలును, ఫోనును, కొరియర్ సంస్థను సమీక్షించినట్టే ఒక ప్రభుత్వ శాఖ సేవలనూ సమీక్షించవచ్చు. నచ్చకపోతే పక్క దుకాణానికి వెళ్లే వీలు ఇక్కడ లేదు కాబట్టి ఆ పని మరింత జాగ్రత్తగా చేయాలి. ఈసారి నేను ఎంచుకున్నది కేంద్ర వాణిజ్య మంత్రి నడిపే శాఖను. దిల్లీలో ఇండియా గేటుకు దగ్గరలో, 2022 జూన్ 23న ప్రధాని ప్రారంభించిన వాణిజ్య భవన్ దాని చిరునామా. ఒంగోలు వైపు బ్యారన్‌లో పొగాకు క్యూరింగ్ చేసే రైతు, భీమవరం చెరువు గట్టు మీద రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) చూసుకునే ఆసామి, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) కొనే ఎగుమతిదారు, నిజామాబాద్ మార్కెట్‌కు పసుపు తెచ్చే రైతు, అరకు కాఫీ తోటల గిరిజనులు, దువ్వాడ ప్రత్యేక ఆర్థిక మండలిలో షిఫ్టుకు వెళ్లే కార్మికురాలు, వీరందరూ ఏదో ఒక బోర్డు ద్వారానో ఉత్తర్వు ద్వారానో ఈ శాఖకు ఖాతాదారులే. అయితే ధర పడిపోయినప్పుడు వారు నిలదీసేది వ్యవసాయ మంత్రిని లేదా ముఖ్యమంత్రిని. వాణిజ్య మంత్రి పేరు వారి నోట అరుదుగా వినిపిస్తుంది. రాజకీయంగా ఆ మంత్రికి ఇది గొప్ప సౌకర్యం.

నా తీర్పును ముందే చెప్పేస్తాను. విదేశీ మార్కెట్లను తెరిపించే పనిలో ఈ శాఖ గడచిన కొన్నేళ్లలో చెప్పుకోదగ్గ నేర్పు సంపాదించింది. కౌంటర్ దగ్గర జరిగే రోజువారీ పని, అంటే కోడ్‌లు, ధ్రువపత్రాలు, లైసెన్సులు ఇచ్చే పని, ఒకప్పటితో పోలిస్తే పోలికే లేనంత మెరుగుపడింది. కానీ సరుకు పండించేవాడికీ ఎగుమతి చేసేవాడికీ అన్నిటికన్నా ముఖ్యమైన సేవ ఒకటుంది: రేపు కూడా ఇదే నిబంధన ఉంటుందన్న భరోసా. ఆ సేవకు నేను ఐదు నక్షత్రాలకు రెండు కూడా ఇవ్వలేను. అందుకు కారణం మంత్రి వ్యక్తిగత సామర్థ్యం కన్నా ఆ పదవిని మన రాజకీయాలు నిలబెట్టిన చోటులోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

కౌంటర్ సేవల గురించి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అక్కడ ఫిర్యాదు చేయడానికి పెద్దగా లేదు. విదేశీ వ్యాపారం చేయదలచిన వారికి కావలసిన ఐఈసీ (దిగుమతి, ఎగుమతిదారు గుర్తింపు) కోడ్‌కు రుసుము 500 రూపాయలు, దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే, పాన్ సంఖ్యే కోడ్‌గా పనిచేస్తుంది. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉన్న గడువులో వివరాలు సరిచూసి ధ్రువీకరించాలి. దీనికి రుసుము లేదు గానీ, మార్పులేమీ లేకపోయినా ధ్రువీకరించక తప్పదు. మరిచిపోతే కోడ్ నిలిచిపోతుంది, కంటైనరు సిద్ధమైన రోజున ఆ సంగతి తెలుస్తుంది. మిర్చి, పసుపు వంటివి పంపేవారు స్పైసెస్ బోర్డు దగ్గర విడిగా నమోదు కావాలి, రొయ్యలకైతే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులను చూసే ఎంపెడాలో. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అంటే అందరూ డీజీఎఫ్‌టీ అని పిలిచే సంస్థకు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విదేశీ వాణిజ్య విధానానికి ముగింపు తేదీ పెట్టకపోవడం కూడా మంచి ఆలోచనే, ఎందుకంటే ఐదేళ్లకోసారి కొత్త విధానం కోసం ఎదురుచూస్తూ ఆర్డర్లు ఆపుకునే పరిస్థితి దానితో తొలగింది.

ఈ మార్పు విలువ తెలియాలంటే ఈ శాఖ ఒకప్పుడు ఎలా నడిచేదో గుర్తు చేసుకోవాలి. 1947 నాటి దిగుమతి, ఎగుమతి నియంత్రణ చట్టం కింద దాదాపు ప్రతి దిగుమతికీ లైసెన్సు కావాలి, ఆ లైసెన్సు ఇచ్చే అధికారమే మంత్రి రాజకీయ బలం. 1974లో పాండిచ్చేరి వ్యాపారుల దిగుమతి లైసెన్సుల కోసం పార్లమెంటు సభ్యుల దొంగ సంతకాలతో అర్జీ పెట్టిన వ్యవహారం సభను కుదిపేసింది. లైసెన్సు ముక్కకు ఎంత విలువ ఉండేదో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. 1991 జూలైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించిన రోజుల్లోనే, అప్పటి వాణిజ్య మంత్రి చిదంబరం ఎగుమతి నగదు సహాయాన్ని ఎత్తివేసి, ఎగుమతి చేసినవారికి దిగుమతి హక్కు దక్కే కొత్త పద్ధతి తెచ్చారు. మరుసటి ఏడాది కొత్త చట్టం వచ్చింది, నియంత్రణ అన్న మాట పోయి అభివృద్ధి అన్న మాట ముందుకు వచ్చింది. అయినా ఆ 1992 చట్టంలోని మూడో సెక్షన్ పాత అధికారాన్ని పూర్తిగా వదులుకోలేదు: కేంద్రం తలచుకుంటే ఏ సరుకు ఎగుమతినైనా గెజిట్‌లో ఒక్క ఉత్తర్వుతో ఆపేయవచ్చు.

మిగతా అధికారాల సంగతి అలా కాదు. సుంకం వేయడం, తీయడం ఆర్థిక శాఖ పని. విదేశీ సరుకు అడ్డగోలు చౌకగా వచ్చి పడుతోందని వాణిజ్య శాఖలోని విచారణ విభాగం తేల్చినా, దానిపై యాంటీ డంపింగ్ సుంకం వేయాలా వద్దా అన్నది ఆర్థిక శాఖే నిర్ణయిస్తుంది, కొన్నిసార్లు ఆ సిఫారసు పక్కనే పడి ఉంటుంది. పామాయిల్ దిగుమతి సుంకం పెరిగిందా తగ్గిందా అన్నదానిపై ఏలూరు, ఖమ్మం జిల్లాల గెలల ధర ఆధారపడి ఉంటుంది గానీ ఆ మీట వాణిజ్య మంత్రి చేతిలో లేదు. ఎగుమతులు తగ్గితే పార్లమెంటులో నిలబడి జవాబు చెప్పవలసింది మాత్రం ఆయనే. బయటి దేశంతో బేరమాడే హక్కు ఒకరికి, బేరంలో పెట్టవలసిన సుంకం మరొకరికి ఉన్న ఈ ఏర్పాటును అర్థం చేసుకోకుండా ఏ వాణిజ్య మంత్రి పనితీరునైనా అంచనా వేయడం అన్యాయమే అవుతుంది.

ఇక అసలు ఫిర్యాదు, బియ్యం. 2023 జూలై 20న బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధిస్తూ డీజీఎఫ్‌టీ ఉత్తర్వు వెలువడింది, అదే రోజు నుంచి అమలైంది. దేశంలో బియ్యం చిల్లర ధర ఏడాదిలో 11.5 శాతం పెరగడమే కారణమని ప్రభుత్వం చెప్పింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో మన వాటా దాదాపు 40 శాతం, మన బియ్యం ఎగుమతుల్లో ఈ రకం నాలుగో వంతు. ఆ పరిమాణంలో వ్యాపారాన్ని ముందస్తు గడువు లేకుండా ఆపేశారు. అప్పటికే ఓడలోకి ఎక్కించడం మొదలైన సరుకుకు, పత్రాలు దాఖలై ఓడ రేవులో నిలిచిన సందర్భాలకు మినహాయింపు ఇచ్చారు గానీ, మిల్లులో ఆడించి, సంచులకు ఎత్తి, లారీ మీద ఉన్న సరుకుకు అది వర్తించలేదు. బాస్మతీయేతర బియ్యం ఎగుమతిలో దేశంలోనే ముందుండే కాకినాడ రేవు మీద, దానికి సరుకు పంపే గోదావరి జిల్లాల, తెలంగాణ మిల్లుల మీద ఆ దెబ్బ నేరుగా పడింది. అటు అమెరికాలో మనవాళ్లు భారతీయ దుకాణాల ముందు వరుస కట్టి సోనా మసూరి సంచులు కార్లకెత్తుకున్న వీడియోలు అందరూ చూశారు. వాణిజ్య శాఖ ఉత్తర్వు ఒకటి తెలుగువారి వంటింటి దాకా అంత వేగంగా చేరిన సందర్భం నాకు మరొకటి గుర్తులేదు.

నెల తిరిగేసరికి ఉప్పుడు బియ్యంపై 20 శాతం ఎగుమతి సుంకం వచ్చింది. కొన్ని దేశాలకు ప్రభుత్వాల మధ్య ఒప్పందంగా బియ్యం పంపడానికి అనుమతించారు, ఆ అవకాశం చాలావరకు ఒక జాతీయ సహకార ఎగుమతి సంస్థ ద్వారా నడిచింది. సంవత్సరాలుగా ఆ దేశాల కొనుగోలుదారులతో సంబంధాలు పెంచుకున్న ప్రైవేటు ఎగుమతిదారులు చూస్తూ ఉండవలసి వచ్చింది. చివరికి 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తివేసి టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టారు, నెల లోపే ఆ కనీస ధరనూ తీసేశారు. పద్నాలుగు నెలల పాటు ఆఫ్రికా కొనుగోలుదారు వియత్నాం, థాయిలాండ్, పాకిస్తాన్ వైపు చూశాడు. మార్కెట్ తెరవడానికి ఐదేళ్లు పట్టే చోట మూయడానికి ఒక రాత్రి చాలునన్నది ఎగుమతిదారుల సాధారణ ఫిర్యాదు, దాన్ని కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఇక్కడ ఒక రాజకీయ వివరం చెప్పుకోవాలి. ఆ నిషేధం నాటికి వాణిజ్య మంత్రి పీయూష్ గోయలే ఆహార, వినియోగదారుల వ్యవహారాల మంత్రి కూడా. 2020 అక్టోబరు నుంచి 2024 జూన్ దాకా ఆ రెండు కుర్చీలూ ఆయనవే. ఎగుమతి పెంచడం ఒక కుర్చీ బాధ్యత, దేశంలో ధర పెరగకుండా చూడటం రెండో కుర్చీ బాధ్యత. మిర్చి యార్డులో అమ్మేవాడి తరఫునా కొనేవాడి తరఫునా ఒకే దళారి నిలబడితే ఎలా ఉంటుందో అలాంటి పరిస్థితి ఇది. ఇద్దరు మంత్రులుంటే కనీసం మంత్రివర్గంలో వాదన జరుగుతుంది, ఎగుమతిదారు తరఫున ఒక గొంతు వినిపిస్తుంది, గడువు ఇవ్వమనో సుంకంతో సరిపెట్టమనో అడిగేవారుంటారు. ఒకరే అయితే ఆ వాదన ఒక మనసులోనే జరిగి అక్కడే తేలిపోతుంది. ఎన్నికల ముందు వినియోగదారుడి ఓటు ఎగుమతిదారు ఓటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ఎటు తేలుతుందో ఊహించడం కష్టం కాదు. తెలంగాణలో యాసంగి ధాన్యంపై 2022లో జరిగిన గొడవ, ముఖ్యమంత్రి కేసీఆర్ ఏప్రిల్ 11న దిల్లీలో ధర్నా చేసిన ఘట్టం, ఇదే మంత్రితో ఆహార శాఖ హోదాలో జరిగినదే. ఉప్పుడు బియ్యం మేము కొనబోమని అప్పుడు చెప్పిన కేంద్రమే ఏడాది తిరిగాక బియ్యం బయటికి పోకుండా ఆపింది. రెండు నిర్ణయాలకూ విడివిడిగా కారణాలు చూపవచ్చు. వరి వేయాలా వద్దా అని తేల్చుకోవలసిన రైతుకు మాత్రం ఆ రెండూ కలిసే కనిపిస్తాయి.

బియ్యం కన్నా భిన్నమైన కథ పసుపుది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో 170కి పైగా రైతులు నామినేషన్ వేసి, మొత్తం అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చి, ఎన్నికల సంఘం ప్రత్యేకంగా ఓటింగ్ యంత్రాలు సమకూర్చుకోవలసిన పరిస్థితి తెచ్చారు. వారి కోరికల్లో మొదటిది పసుపు బోర్డు. బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు, సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. మొదట కేంద్రం బోర్డుకు బదులు స్పైసెస్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఇచ్చి సరిపెట్టాలని చూసింది, రైతులు ఒప్పుకోలేదు. నాలుగేళ్లు గడిచాక 2023 అక్టోబరు 1న, శాసనసభ ఎన్నికలు దగ్గర పడిన వేళ, మహబూబ్‌నగర్ సభలో ప్రధాని బోర్డును ప్రకటించారు. మూడు రోజుల్లో ప్రభుత్వ ప్రకటన వెలువడింది. 2025 సంక్రాంతి నాడు వాణిజ్య మంత్రి దాన్ని లాంఛనంగా ప్రారంభించారు, ఆ ఏడాది జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయాన్ని అమిత్ షా తెరిచారు.

ఒక సేవను ఖాతాదారులు పోరాడి సాధించుకున్న అరుదైన ఉదాహరణగా దీన్ని నేను మెచ్చుకుంటాను. కానీ సమీక్షకుడిగా రెండు అనుమానాలున్నాయి. స్పైసెస్ బోర్డు 1986 నాటి పార్లమెంటు చట్టంతో, పొగాకు బోర్డు 1975 నాటి చట్టంతో ఏర్పడ్డాయి. పసుపు బోర్డు మాత్రం ప్రభుత్వ ప్రకటనతో పుట్టింది. చట్టం ఇచ్చే అధికారాలు, నిధుల హక్కు లేని బోర్డు ఎంత చేయగలదన్నది మంత్రి ఆసక్తి మీద ఆధారపడుతుంది, మంత్రి మారితే ఆసక్తీ మారవచ్చు. రెండో అనుమానం రైతులు కోరినదానికీ బోర్డుకు అప్పగించినదానికీ మధ్య దూరం గురించి. రైతు అడిగింది గిట్టుబాటు ధర. బోర్డు పని పరిశోధన, విలువ జోడింపు, కొత్త విదేశీ మార్కెట్లు. 2022–23లో దేశం 1.53 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులను ఎగుమతి చేసి సుమారు 20.7 కోట్ల డాలర్లు సంపాదించింది, 2030 నాటికి దీన్ని 100 కోట్ల డాలర్లకు చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఎక్కువ కర్కుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం) ఉన్న పసుపు, నాణ్యత ధ్రువీకరణ, పురుగుమందుల అవశేషాల పరీక్షలు, ఉడకబెట్టి పాలిష్ పట్టే చోట మెరుగైన వసతి, ఇవన్నీ కుదిరితే ఆ లెక్క అందుకోవచ్చు. అవి కుదరనంతకాలం నిజామాబాద్ రైతు మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్ ధర చూసి నిట్టూర్చడం ఆగదు.

బోర్డుకు నిజమైన అధికారం ఉంటే ఏమవుతుందో చూడాలంటే గుంటూరులోని పొగాకు బోర్డు దగ్గరకు రావాలి. 1976 జనవరి 1న ఏర్పడిన ఈ బోర్డు వర్జీనియా పొగాకు ఎంత పండించాలో నిర్ణయిస్తుంది, రైతును, బ్యారన్‌ను నమోదు చేస్తుంది, తానే వేలం కేంద్రాలు నడుపుతుంది, ఇప్పుడు ఆ వేలం ఎలక్ట్రానిక్ పద్ధతిలో సాగుతోంది. రైతుకు ఒక వేదిక, పాట పాడే కొనుగోలుదారు, బ్యాంకు ఖాతాలో పడే డబ్బు ఉన్నాయి. మిర్చి రైతుకు ఇలాంటిది లేదు. 2025 ఆరంభంలో మిర్చి ధర కూలినప్పుడు క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటించింది వ్యవసాయ శాఖ; మిర్చి ఎగుమతులను చూసే వాణిజ్య శాఖ బోర్డుకు ధర విషయంలో చేయగలిగింది పెద్దగా లేదు. అయితే పొగాకు బోర్డు నీడ కూడా అన్ని చోట్లకూ చేరదు. అదే ఏడాది నల్ల బర్లీ పొగాకు కొనే నాథుడు లేక రైతులు రోడ్డెక్కితే, ఆ రకం బోర్డు వేలం పరిధిలో లేదు గనుక రాష్ట్ర ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలుకు దిగవలసి వచ్చింది. అనుమతికి మించి పండిన వర్జీనియా పొగాకుపై జరిమానా మాఫీ చేయమన్న అర్జీలతో ఎంపీలు తరచూ వాణిజ్య మంత్రి గది ముందు నిలబడటం వేరే సంగతి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల ఎంపీలకు ఆ గది దారి బాగా తెలుసు.

ఒప్పందాల సంగతికి వస్తే, 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో ఆసియా, పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమి ఆర్‌సెప్ నుంచి తప్పుకున్న దేశం అదే మంత్రి గోయల్ హయాంలో ఒప్పందాల బాట పట్టడం విశేషం. చైనా ఉన్న కూటమిలో చేరితే పాడి, ఉక్కు, చిన్న పరిశ్రమలు తట్టుకోలేవన్న భయం ఆ నిర్ణయం వెనుక ఉంది. ఆ తరువాత చైనా లేని భాగస్వాములను వెతికారు. యూఏఈతో 88 రోజుల్లో చర్చలు ముగించి 2022 మే 1 నుంచి అమలు చేశారు. ఆస్ట్రేలియాతో ఒప్పందం అదే ఏడాది డిసెంబరు 29న అమల్లోకి వచ్చింది. స్విట్జర్లాండ్, నార్వే తదితర నాలుగు దేశాల ఎఫ్టా కూటమితో 2024 మార్చిలో సంతకమై 2025 అక్టోబరు 1న అమలైంది, 15 ఏళ్లలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడి హామీ అందులో ఉంది. బ్రిటన్‌తో 2025 జూలై 24న సంతకాలు జరిగాయి. ఖాతాదారులు గమనించవలసింది సంతకం తేదీని కాదు, అమలు తేదీని. ఎఫ్టా విషయంలో ఆ రెంటి మధ్య ఏడాదిన్నర దాటింది. సంతకం రోజున పత్రికల్లో బొమ్మలు పడతాయి, సుంకం రాయితీ మాత్రం అమలు రోజు నుంచే, అదీ సరుకు మన దేశంలోనే తయారైందని మూల ధ్రువపత్రం చూపినవారికే దక్కుతుంది. ఆ పత్రం తీసుకోవడం రాక రాయితీ వదులుకునే చిన్న ఎగుమతిదారులు ఉన్నారు, వారికి చెప్పే పని దిల్లీ విలేకరుల సమావేశంలో జరగదు.

బేరసారాలలో ఎంత నేర్పున్నా మంత్రి చేతిలో లేనివి ఎన్నో ఉంటాయని చూపినది రొయ్య. 2024–25లో దేశం 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసి 745 కోట్ల డాలర్లు ఆర్జించింది. అందులో మూడో వంతుకు మించిన విలువ ఒక్క అమెరికా నుంచే వచ్చింది, సరుకులో పెద్ద భాగం ఆంధ్ర చెరువులది. 2025 ఆగస్టు 7న అమెరికా 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో 27న మరో 25 శాతం సుంకం వేసింది. అప్పటికే ఉన్న యాంటీ డంపింగ్, సబ్సిడీ వ్యతిరేక సుంకాలు వీటికి అదనం. చమురు ఎక్కడ కొనాలన్నది వాణిజ్య మంత్రి నిర్ణయం కాదు. కానీ భీమవరంలో కౌంటు ధర దిగినప్పుడు దాని భారం ఆయన ఖాతాలోనే పడింది. ఆ తరువాత శాఖ స్పందించిన తీరు చెడ్డదేమీ కాదు: సెప్టెంబరులో మరో 102 మత్స్య ఎగుమతి యూనిట్లకు ఐరోపా సమాఖ్య అనుమతి సాధించింది, నవంబరులో మంత్రివర్గం 25,060 కోట్ల రూపాయలతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. నా అభ్యంతరం సమయం గురించి. ఒకే దేశం మీద ఇంత ఆధారపడటం ప్రమాదమని 2005 నాటి యాంటీ డంపింగ్ సుంకమే హెచ్చరించింది. ఐరోపా నమూనా పరీక్షల సమస్యను, యాంటీబయాటిక్ అవశేషాల సమస్యను అంతకుముందే గట్టిగా పట్టించుకుని ఉంటే, ఆగస్టు 27 అంత బరువుగా ఉండేది కాదు. ఇందులో రాష్ట్ర ప్రభుత్వాల వాటా, పరిశ్రమ వాటా కూడా ఉన్నాయి.

ఈ శాఖ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చినది మనకు కనిపించని చోట, జెనీవాలోనూ ఇతర నగరాల్లోనూ జరిగే ప్రపంచ వాణిజ్య సంస్థ చర్చల్లో, జరుగుతుంది. పార్టీలు మారినా అక్కడ మన మంత్రుల మాట మారలేదు. 2001 దోహాలో మురసోలి మారన్, 2008 జూలైలో రైతుల రక్షణ సుంకం కోసం చర్చలు భగ్నమైనా వెనక్కి తగ్గని కమల్‌నాథ్, 2013 బాలిలో ఆనంద్ శర్మ, 2014 జూలైలో ఆహార నిల్వలపై స్పష్టత వచ్చేదాకా కస్టమ్స్ లాంఛనాలను సులభం చేసే వాణిజ్య సౌలభ్య ఒప్పందానికి అంగీకరించని నిర్మలా సీతారామన్, అందరిదీ ఒకే దారి. ఆమె అప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభ సభ్యురాలు. తరువాత ఆ శాఖను చూసిన సురేశ్ ప్రభు కూడా ఆంధ్రప్రదేశ్ నుంచే ఎన్నికైనవారు. ఈ పట్టుదలకూ మన కల్లాలకూ సంబంధం నేరుగా ఉంది. 2018–19లో మన వరి విలువ 4,367 కోట్ల డాలర్లు కాగా దానికిచ్చిన మద్దతు 500 కోట్ల డాలర్లని, పంట విలువలో పది శాతం అన్న పరిమితి దాటిందని కేంద్రమే ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలిపి, పరిమితి దాటినా ఇతర దేశాలు వివాదం వేయకుండా బాలిలో సంపాదించిన రక్షణ నిబంధనను ఆశ్రయించింది. ఆ నిబంధన లేకపోతే తెలంగాణ, ఆంధ్రలలో ప్రభుత్వం మద్దతు ధరకు ధాన్యం కొనడమే వివాదమై కూర్చునేది. శాశ్వత పరిష్కారం 2024 అబూధాబి సమావేశంలోనూ కుదరలేదు. అయినా ఈ విభాగానికి నేను ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

ఇక్కడ తగ్గించిన ఆ అర మార్కు సంప్రదింపుల దగ్గరే. రాజ్యాంగం ప్రకారం విదేశీ వాణిజ్యం కేంద్ర జాబితాలో ఉంది, వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది. వాణిజ్య ఒప్పందానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు, రాష్ట్రాల అభిప్రాయం అడగాలన్న నియమమూ లేదు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో కుదిరిన ఒప్పందంతో మిరియాలకు, రబ్బరుకు నష్టమని కేరళ గొడవ పెట్టినప్పుడు ఈ లోటు బయటపడింది, ఆ తరువాత కూడా అది పూడలేదు. పైగా ఎగుమతి నిషేధాల గెజిట్ హిందీ, ఇంగ్లీషుల్లోనే వెలువడుతుంది. సాయంత్రం వచ్చిన ఉత్తర్వు సారాంశం కాకినాడ మిల్లరుకు వాట్సాప్‌లో, సగం తప్పులతో, మరునాడు చేరుతుంది. దేశంలోని అతిపెద్ద మిర్చి యార్డు, పొగాకు బోర్డు, పసుపు బోర్డు తెలుగు నేల మీద ఉన్నప్పుడు, ముఖ్యమైన ఉత్తర్వుల సారాన్ని అదే రోజు తెలుగులో ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

ఈ సేవలను ఎవరు ఎంతవరకు నమ్ముకోవచ్చో చెప్పి ముగిస్తాను. కొత్తగా ఎగుమతి మొదలుపెట్టేవారు మధ్యవర్తికి వేలు చెల్లించకుండా ఐఈసీని, బోర్డు నమోదును స్వయంగా చేసుకోవచ్చు. మిర్చి, పసుపు, రొయ్య, మామిడి గుజ్జు వ్యాపారులు యూఏఈ, ఆస్ట్రేలియా ఒప్పందాల సుంకాల పట్టికలో తమ సరుకు కోడ్‌ను వెతికి, రాయితీ ఉంటే మూల ధ్రువపత్రం అడిగి తీసుకోవడం లాభసాటి. బియ్యం, గోధుమ, చక్కెర, ఉల్లి వ్యాపారులు మాత్రం ఈ శాఖ ఇచ్చే లక్ష్యాల అంకెలు చూసి దీర్ఘకాలపు ఒప్పందాలకు దిగవద్దు. దిగక తప్పకపోతే ప్రభుత్వ నిషేధం వస్తే జరిమానా లేకుండా తప్పుకునే నిబంధనను కొనుగోలుదారుతో ముందే రాయించుకోవాలి, అడ్వాన్సు ఎవరి దగ్గర ఉండాలో కూడా అందులోనే తేల్చుకోవాలి.